పులుపు నిర్ధారణ

నూజివీడు గాలి సోకిన ప్రాంతమంతటా మామిడిపండు లంచం కిందికి రాదు!

ఈ మాట ఏ కోర్టూ చెప్పలేదు. ఏ చట్టసభా బల్లలు చరిచి ఆమోదించలేదు. రిటైరైన సోషల్ మాస్టారు, 'తోట కబురు' వారపత్రికలో 'నిలువుటద్దం' శీర్షిక నడిపే వెంకటాచలపతిగారు, తమ వరండాలో పడక్కుర్చీలో వెనక్కి వాలి ప్రకటించారు. కాబట్టి అది చట్టం కన్నా ఒక మెట్టు పైనే ఉంటుంది.

"కాఫీ తాగితే లంచం. కవరు పుచ్చుకుంటే మహాపాపం. పండు అలాంటిది కాదమ్మాయ్. చెట్టు కాసింది, మనిషి మోసుకొచ్చాడు, నేను తిన్నాను. ఇందులో తప్పు ఎవరిది? ప్రకృతిది!"

ఉమ ఆ మాటలు కూడా టైపు చేసేసింది.

"ఇది రాయకు. ఇది నీ విజ్ఞానం కోసం చెప్పాను."

ఉమ చెరిపేసింది.

ఆగిరిపల్లి నుంచి ఏడున్నర బస్సుకి వచ్చి ఆయన చెప్పింది ల్యాప్‌టాప్‌లో కొట్టి పత్రికకి పంపడం ఉమ ఉద్యోగం. మాస్టారి చేతిరాత మాస్టారికే అర్థం కాదు. ఫోనులో తెలుగు అక్షరాలు వెతకడానికి ఆయన వేళ్ళు ఒప్పుకోవు. మూడేళ్ళుగా ఆమె కొడుతోంది. ఈ మూడేళ్ళలో ఆమె అభిప్రాయం ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఉద్యోగం నిలబడింది అందుకే.

మాస్టారికి తెలియని విషయం లేదు. బెజవాడలో ఫ్లైఓవర్ ఎక్కడ వంపు తిరగాలో ఆయన చెప్పారు. ఆ ఫ్లైఓవర్ ఆయన చూడలేదు, చూస్తే నిష్పాక్షికత దెబ్బతింటుందని. టీమిండియాలో నాలుగో నంబరులో ఎవరు దిగాలో చెప్పారు. పదో ఓవరు లోపలే ఆయనకి కునుకు పడుతుంది కాబట్టి నాలుగో నంబరువాణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఇక రాజకీయాలంటారా? అధికార పక్షాన్ని తిట్టినన్ని లైన్లు ప్రతిపక్షాన్నీ తిట్టాలి. వ్యాసం అయిపోగానే ఉమ చేత లైన్లు లెక్కపెట్టించేవారు. ఒక వారం అటు పదకొండు, ఇటు పది వచ్చాయి. "ప్రతిపక్షానికి 'సిగ్గు సిగ్గు' అని ఒక లైను కలుపు," అన్నారు. తటస్థ వైఖరి అంటే అదీ!

ఆయన శీర్షికంటే ఊళ్ళో గొప్ప భయం. పట్టణ క్రీడామైదాన సద్వినియోగ సంఘం కార్యదర్శి లక్ష్మీనరసింహారావుగారికి మరీ భయం. సంఘం ఏ నిర్ణయం తీసుకున్నా ముందు ప్రజాభిప్రాయ సేకరణ చెయ్యాలని నిబంధన. ఎండలో గడపగడపకీ తిరిగి అడిగేవాడెవడు? శనివారం 'నిలువుటద్దం' కత్తిరించి, ఫైల్లో అంటించి, కింద 'ప్రజాభిప్రాయం సేకరించడమైనది' అని సంతకం పెడతారు. వెడల్పు మూడంగుళాలు, పొడవు తొమ్మిదంగుళాలు. ఊరి అభిప్రాయం ఎప్పుడూ ఆ కొలతకి మించలేదు.

ఆ సంఘం చేతిలో ఉన్న మైదానం ఒక్కటే. ఈ వేసవిలో దానికి ఇద్దరు అర్జీ పెట్టుకున్నారు.

మొదటివారు సువర్ణరాజుగారు, హైస్కూలు డ్రిల్లు మాస్టారు. సోమవారం పొద్దున్నే చెమటలు కక్కుతూ వరండా మెట్లెక్కారు.

"ముప్పైరెండు మంది ఆడపిల్లలండీ. కబడ్డీ శిబిరం. జూన్ మొదటివారంలో జిల్లా సెలక్షన్లు. ఉన్నది ఆ ఒక్క గ్రౌండేనండీ. దాన్ని లారీలకిచ్చేస్తే పిల్లల్ని ఎక్కడ ఆడించమంటారు?"

"మీ ఆవేదన నాకు అర్థమైంది రాజుగారూ," అన్నారు మాస్టారు. "చైనావాడు మూడేళ్ళ పిల్లని తీసుకెళ్ళి కడ్డీకి వేలాడదీస్తాడు. మనమో? ఉయ్యాల్లో వేస్తాం! ఇంక పతకాలెలా వస్తాయి?" అని మొదలుపెట్టి అరగంట సేపు చైనాలో ఉండిపోయారు. తిరిగొచ్చాక అన్నారు: "అయితే నేను తటస్థుణ్ణి. తూకం వేసి రాస్తాను. ఇంతకీ కబడ్డీకి బ్యాటు ఉండదు కదూ?"

"ఉండదండీ."

"అదే, నిర్ధారించుకుంటున్నాను."

మాస్టారి భార్య రాజరాజేశ్వరిగారు మజ్జిగ గ్లాసు అందిస్తూ, "మీ అత్తగారి బాపులపాడు వైపు ఈ ఏడు కాపెలా ఉందండీ? మా ఇంట్లో రసాలు ఇంకా మొదలవలేదు," అన్నారు. ఆవిడ మామూలుగానే అడిగారు. వచ్చినవాళ్ళని ఆ ఇంట్లో మామూలుగా అడిగే ప్రశ్న అదొక్కటే. సువర్ణరాజుగారు మజ్జిగ సగంలో ఆపి ఆలోచనలో పడ్డారు.

రెండోవారు మామిడి వ్యాపారి వీరభద్రరావుగారు. సాయంత్రం వచ్చారు, రెండు చేతుల్లో రెండు ఫోన్లు.

"మాస్టారూ, పోయిన వేసవిలో రాశారు గదండీ, రోడ్డు మీద మామిడి లారీలు ఆపేవాళ్ళు జాతిద్రోహులని. ఆ జాతిద్రోహిని నేనేనండీ! చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మీ మాట నిలబెట్టాలని ఈ ఏడు లారీలు గ్రౌండులో పెడదామనుకుంటున్నా. రెండు నెలలే!"

తన మాటకి ఇంత విలువిచ్చిన జాతిద్రోహి మాస్టారికి మొదటిసారి తగిలాడు. ఆయన పడక్కుర్చీలో ముందుకి జరిగారు. "తూకం వేస్తాను," అన్నారు.

ల్యాప్‌టాప్ వెనక ఉమ తల ఎత్తలేదు. ఆ ముప్పైరెండు మందిలో ఒకతె ఆమె చెల్లెలు అక్షయ. అక్షయ కూతకెళితే అవతలి జట్టు వెనక గీత దాకా జరుగుతుంది. శిబిరం ఆగితే ఏమవుతుందో నాన్న నిన్ననే చెప్పాడు. "ఖాళీగా కూర్చోవడమెందుకు, వీరభద్రరావుగారి షెడ్డులో పళ్ళకి కాగితాలు చుడుతుంది." కోపంగా అనలేదు. కోపంగా అంటే వాదించడానికి కొంచెం చోటుండేది.

మర్నాటికి రెండు బుట్టలూ వచ్చాయి. వీరభద్రరావుగారి బుట్టలో చిన్నరసాలు ఒకే సైజులో, యూనిఫారం వేసుకున్న పిల్లల్లా వరసగా ఉన్నాయి. సువర్ణరాజుగారి బుట్టని ఆయన భార్య షాలోమి స్కూటీ మీద తెచ్చింది. "మా అమ్మ వాళ్ళ పెరట్లో చెట్టండీ. ఆయనే ఎక్కి కోశారు," అంది పాపం, గర్వంగా.

ఉమ ఒక కాయని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. అంటుకట్టిన చెట్టు కాదది. ఎవరో తిని పారేసిన టెంక మొలిచి పెరిగిన నాటు చెట్టు. చూడ్డానికి అచ్చం చిన్నరసమే, ముక్కు దగ్గర వంపు మాత్రం కాస్త ఎక్కువ. పచ్చడికి బ్రహ్మాండం. పండితే పీచూ పులుపూ తప్ప మూడోది ఉండదు. తోటల్లో పుట్టినవాళ్ళెవరూ ఆ కాయని పండించి పెద్దమనిషికి పంపరు. సువర్ణరాజుగారిది సముద్రం పక్క ఊరు. చేప కన్ను చూసి ఏ పూట పట్టిందో చెప్పగలరు గానీ, ఆయన దృష్టిలో మామిడికాయ మామిడికాయే.

పళ్ళు వెనక గదిలో వరిగడ్డి పరిచి మాగవేశారు. ఎడమవైపు వ్యాపారివి, కుడివైపు డ్రిల్లు మాస్టారివి. గడ్డి పరిచింది రాజరాజేశ్వరిగారు, కాయలు అందించింది ఉమ.

మరుసటి వారం గురువారం నాటికి ఇల్లంతా ఘుమఘుమలాడింది. శనివారం సంచికకి వ్యాసం అందాల్సింది ఆ రోజే. మాస్టారు మెడకి తువ్వాలు చుట్టుకుని న్యాయస్థానంలో కూర్చున్నట్టు కూర్చున్నారు.

"అమ్మాయ్, వైపుకొకటి పట్రా. ఏది ఎవరిదో చెప్పకు. టెంక చీకి తోట పేరు చెబుతాను నేను. నాలుకకి పక్షపాతం ఉండదు."

ఉమ రెండు పళ్ళు తెచ్చింది. మాస్టారు మొదటిదాన్ని అరచేతుల మధ్య మెత్తగా నలిపి, తొడిమ తీసి, నోటికి పెట్టుకున్నారు. రసం పూర్తయ్యాక టెంక, టెంక పూర్తయ్యాక తొక్క. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి మళ్ళీ ఈ లోకంలోకి వచ్చారు.

రెండోది నోట్లో పెట్టుకోగానే ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోయింది. చెవులు కదిలాయి. "అబ్బ! ఇది పండా, పరీక్షా?"

నోరు పుక్కిలించి తీర్పు చెప్పారు. "ఆ మొదటిది వీరభద్రరావు తోటది. అనుమానం లేదు. ఆ నేల అలాంటిది. రెండోది డ్రిల్లు మాస్టారిది. పండుని కూడా ఎండలో పరిగెత్తించాడు! రాసుకో. శీర్షిక: 'వ్యాపారం వర్ధిల్లితేనే ఊరు వర్ధిల్లును'."

ఉమ వేళ్ళు అక్షరాల మీద ఉన్నాయి. కదల్లేదు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మూడేళ్ళలో ఆయన ఒక విషయం సరిగ్గా చెప్పడం ఇదే మొదటిసారి.

"కాదండీ," అంది ఉమ.

"ఏంటి?"

"తియ్యగా ఉన్నది రాజుగారిదండీ. పుల్లటిది వీరభద్రరావుగారిది."

అబద్ధం ఆడటం ఆమెకి అలవాటు లేదు. మాస్టారు ఆమె వైపు చూశారు, గడ్డి గది వైపు చూశారు, చేతిలో టెంక వైపు చూశారు.

"నేనేమన్నాను?"

"మొదటిది వీరభద్రరావుగారి తోటదన్నారండీ."

"అన్నాను. ఎందుకన్నాను? నువ్వు నిజం చెబుతావా లేదా చూద్దామని! నెగ్గావు." ఆయన టెంకని ఇంకోసారి నోట్లో పెట్టుకుని తీశారు. "ఇప్పుడు చూడు, స్పష్టంగా తెలుస్తోంది. ఒంటిచెట్టు పండు. కష్టజీవి చెమట ఉంది ఇందులో. క్రమశిక్షణ ఉంది."

గుమ్మంలో అలికిడైంది. రాజరాజేశ్వరిగారు నిలబడి ఉన్నారు. ఏ వైపు ఎవరివో ఆ ఇంట్లో తెలిసిన రెండో మనిషి ఆవిడే.

"అవునండీ," అన్నారావిడ తాపీగా. "తియ్యనివి రాజుగారివే. పాపం షాలోమి ఎండలో తెచ్చింది."

మాస్టారు శీర్షిక మార్పించారు. 'పిల్లలకు మైదానం ఇవ్వని ఊరికి భవిష్యత్తు ఎక్కడ?' ఇక ఆగలేదు. లాభం కోసం ఆటస్థలాన్ని అడిగే నాలుకలకి సిగ్గుందా అన్నారు. లారీలు రోడ్డు మీద ఆగితే కొంప మునిగిందేముంది, రోడ్డున్నది దేనికి అన్నారు. మధ్యలో ఆగి, "కబడ్డీలో పక్కకి ఏడుగురా, తొమ్మిదిమందా?" అని అడిగారు. ఏడుగురంది ఉమ. "'ఏడుగురే అన్నది చిన్నపిల్లాడికి కూడా తెలుసు' అని రాయి."

మధ్యాహ్నం వంటింట్లో రాజరాజేశ్వరిగారు మెల్లగా అడిగారు. "మీ చెల్లెలు ఆ శిబిరంలోనే కదూ?"

"అవునండీ."

"ఊఁ. ఆ పుల్లవన్నీ ఇవాళ పులుసులో వేసేస్తాను. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు తింటారు." కత్తిపీట దగ్గరికి లాక్కుంటూ అన్నారు. "నేను హైస్కూల్లో రింగ్ టెన్నిస్ ఆడేదాన్నిలే. ఆయనకి తెలీదు. ఆయనకి అన్నీ తెలుసు గదా, నేను చెప్పలేదు."

శనివారం వ్యాసం వచ్చింది. సోమవారం కార్యదర్శిగారు దాన్ని కత్తిరించి అంటించారు. 'ప్రజలు ముక్తకంఠంతో కోరుతున్నందున' మైదానం కబడ్డీ శిబిరానికే అని తీర్మానం అయింది.

సాయంత్రం వీరభద్రరావుగారు వచ్చారు. ఈసారి ఫోన్లు రెండూ జేబులో ఉన్నాయి. వెనక నలుగురు వ్యాపారులు.

"గ్రౌండు పోతే పోయింది. ఒక్క సంగతి చెప్పండి మాస్టారూ. పళ్ళు అందాయా?"

"పళ్ళకీ వ్యాసానికీ సంబంధం లేదు వీరభద్రరావ్!" మాస్టారు నిటారుగా కూర్చున్నారు. "నేను నిప్పు. కానీ అడిగావు కాబట్టి చెబుతున్నా. నీ పండు పులుపు. రాజుగారి పండు ముందు నీ పండు నిలబడదు."

నలుగురు వ్యాపారులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జాతిద్రోహి అంటే రెండు రోజులు అన్నం మానేసిన మనిషి, ఈ మాటకి నిలబడలేక స్తంభం పట్టుకున్నాడు.

"నా చిన్నరసం... పులుపా? మా తాత అంటుకట్టిన చెట్లండీ అవి! ఈ మాట బయటికెళితే రేపు నా సరుకు ఎవడు కొంటాడు?"

మంగళవారం ఆయన సంఘానికి కొత్త అర్జీ పెట్టారు. ప్రజాభిప్రాయం ఒక పండు రుచి వల్ల ఏర్పడినందునా, ఆ రుచి విషయంలో పొరపాటు దొర్లినట్టు అనుమానమున్నందునా, తీర్మానాన్ని మళ్ళీ పరిశీలించాలి! కార్యదర్శిగారు నిబంధనలన్నీ తిరగేశారు. పండు తినకూడదని ఎక్కడా లేదు. కొత్త ఫైలు తెరిచి, అట్ట మీద 'మామిడిపండు పులుపు-తీపి నిర్ధారణ గురించి' అని గుండ్రంగా రాశారు. బుధవారం పొద్దున్న మైదానంలో బహిరంగ పరీక్ష. వీరభద్రరావుగారి పండు తీపి అని తేలితే తీర్మానం రద్దు, మైదానం లారీలకి. పులుపు అని తేలితే మైదానం పిల్లలకే. తేల్చవలసింది వెంకటాచలపతి మాస్టారే. ఊళ్ళో అంతటి నాలుక ఇంకొకటి లేదు గదా!

ఆ రాత్రి ఉమ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికింది. రేపు ఆయన నోట్లో అదే పండు పడుతుంది. ఏది ఎవరిదో అప్పుడు తెలిసిపోతుంది. తన అబద్ధం బయటపడుతుంది, తన ఉద్యోగంతోపాటు చెల్లెలి శిబిరం కూడా పోతుంది. పక్కనే అక్షయ మోకాలి గాయానికి పసుపు పెట్టుకుంటూ, "రేపు త్వరగా వెళ్ళాలక్కా, బోనస్ గీత ప్రాక్టీసుంది," అంది.

బుధవారం ఏడింటికే మైదానం నిండింది. సున్నంతో గీసిన కోర్టు నడిమధ్య మాస్టారికి కుర్చీ వేశారు, అక్కడైతే అందరికీ కనబడతారని. ముప్పైరెండు మంది పిల్లలూ ఆట ఆపి గీత బయట నిలబడ్డారు. సువర్ణరాజుగారు ఈలని గుప్పిట్లో నలుపుతున్నారు. ఉమ ఒళ్ళో ల్యాప్‌టాప్, పక్కన రాజరాజేశ్వరిగారు.

వీరభద్రరావుగారు అందరి ముందూ తోట నుంచి తెచ్చిన బుట్ట విప్పించారు. వంగి మాస్టారితో అన్నారు: "కళ్ళు మూసుకుని నిజం చెప్పండి. తీపి అని ఒక్క మాటంటే, ఏటా సీజను అయ్యేదాకా వారానికో బుట్ట మీ వరండాలో ఉంటుంది. పులుపంటే మాత్రం, పుల్లటి పళ్ళు పెద్దలకి పంపడం మర్యాద కాదు. ఇదే ఆఖరి బుట్ట."

మాస్టారు పండు తీసుకున్నారు. నలిపారు. నోటికి పెట్టుకున్నారు.

మొదటి గుక్కకే ఆయనకి అర్థమైపోయింది. ఆ సంగతి ఉమకి ఆయన భుజాల్లో కనబడింది. అదే పండు! వారం క్రితం తన చేత టెంక, తొక్క కూడా తినిపించినది. ఆయన పండు పీలుస్తూనే తల తిప్పి ఉమ వైపు చూశారు. ఉమ తల దించుకోలేదు. దించుకుందామనుకుంది గానీ మెడ కదల్లేదు.

మాస్టారి నోట్లో తీపి ఉంది. తీపి అంటే వారానికో బుట్ట. కానీ తీపి అంటే, టెంక చీకి తోట పేరు చెప్పే వెంకటాచలపతి పోయిన వారం తోట పేరు పొరబడ్డాడని! ఆ పొరపాటు మీదే ఊరంతటి ముందు, అచ్చులో, మూడంగుళాల వెడల్పున తీర్పు చెప్పాడని!

కళ్ళు మూతలు పడ్డాయి. రసం మణికట్టు దాటి మోచేతికి జారింది. ఆయన చెయ్యి ఎత్తి ఆ చుక్కని కిందపడకుండా నాలుకతో అందుకున్నారు. టెంక తెల్లబడింది.

"పులుపు," అన్నారు.

పిల్లలు కేకలు పెట్టారు. కార్యదర్శిగారు ఫైల్లో 'పులుపు' అని రాసుకున్నారు.

"కళ్ళు మూసుకున్నారు గదండీ!" అన్నారు వీరభద్రరావుగారు.

"పులుపుకి ఎవడైనా కళ్ళు మూసుకుంటాడు."

"మోచెయ్యి నాకారు!"

"పంచె మీద మరక పడుతుందని. అయినా ఒక్క పండుతో తీర్పు చెప్పడం నా విధానం కాదు. ఇంకోటి ఇటివ్వు."

రెండోదీ పులుపే. మూడోది పులుపే గానీ ఎందుకు పులుపో తెలియడం లేదు, నాలుగోది కావాలన్నారు. అయిదోదాన్ని సావకాశంగా, టెంక మీద పీచు దువ్వినట్టు తిన్నారు.

వీరభద్రరావుగారికి సంగతి బోధపడింది. "పుల్లటి పళ్ళతో మాస్టారి నోరు పాడుచెయ్యకండ్రా. బుట్ట ఎత్తండి!"

మాస్టారి ఎడమచెయ్యి బుట్ట అంచుని పట్టుకుంది. "ముట్టుకోవద్దు! విచారణ పూర్తి కాలేదు!"

ఎండెక్కుతోంది. సువర్ణరాజుగారు వాచీ చూసుకుని ఈల ఊదారు. అక్షయా ఇంకో ముగ్గురు పిల్లలూ వచ్చి, కుర్చీకి తలా ఒక కాలు పట్టుకుని, మాస్టారిని బుట్టతో సహా మర్యాదగా లేపి, సున్నం గీత అవతల దించి, కోర్టులోకి పరుగెత్తారు. కూత మొదలైంది. మాస్టారికి తాను కదిలినట్టు తెలియలేదు.

"ఏడోది," అన్నారు పెదాలు తుడుచుకుంటూ. "రాసుకో అమ్మాయ్. ఇదీ పులుపే."

ఉమ రాసుకుంది.